ఇంజను రూము జపనీస్

నేను నేర్చుకున్న జపనీస్‌లో మర్యాద లేదు. ఆపు, చూసిరా, గట్టిగా పట్టుకో, వదలకు, పనికిరాదు. చాలాకాలం నాకు వచ్చిన మాటలు ఇలాంటివే. "దయచేసి" అనే మాట ఆ భాషలో ఉందని తెలియడానికే ఏడాది పట్టింది.

రిటైరయ్యి అమలాపురంలో కూర్చున్నాక మా వీధిలో ఇంజినీరింగు చదివే పిల్లలు అప్పుడప్పుడూ వస్తుంటారు. "ఆంటీ, జర్మన్ నేర్చుకోమంటారా, జపనీస్ నేర్చుకోమంటారా?" అని అడుగుతారు. ఏ దేశంలో ఉద్యోగాలు ఎక్కువ, ఏ దేశం వీసా త్వరగా ఇస్తుంది అన్నది వాళ్ళ ఫోను నాకంటే బాగా చెబుతుంది. నేను చెప్పగలిగింది నాకు జరిగినది మాత్రమే. అది విన్నాక ఏ భాష అన్నది మీరే తేల్చుకోండి.

నాది పాలిటెక్నిక్ డిప్లొమా, మెకానికల్. మా బ్యాచ్‌లో ఆడపిల్లని నేనొక్కదాన్నే. ఉద్యోగమంతా ఉప్పలగుప్తం వైపు ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులోనే గడిచింది. చెరువుల నుంచి వచ్చిన రొయ్యల్ని కడిగి, తలలు తీసి, వలిచి, గడ్డకట్టించి, పెట్టెల్లో సర్ది విదేశాలకు పంపే ఫ్యాక్టరీ అది. ఆ గడ్డకట్టించే చలిని పుట్టించే కంప్రెసర్లు నా బాధ్యత. వాటిలో తిరిగేది అమ్మోనియా వాయువు. గొట్టాల్లో ఉన్నంతసేపు దానంత పనిచేసేది మరొకటి లేదు. బయటకొచ్చిందంటే కళ్ళు తెరవనివ్వదు, ఊపిరి తియ్యనివ్వదు. మా కంప్రెసర్ల గదికి ఒక్క గోడ అవతలే వలిచే షెడ్డు. షిఫ్టుకి రెండు వందల మంది దాకా ఆడవాళ్ళు అక్కడ నిలబడి పనిచేసేవారు. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే చాలు, మిగతా సాంకేతికం మీకు అక్కర్లేదు.

పాత కంప్రెసర్లు అరిగిపోయాక మా యజమానిగారు జపాన్‌లో రెండు పెద్దవాటికి ఆర్డరు పెట్టారు. ఆ తర్వాత జర్మనీ నుంచి ప్యాకింగ్ లైను కూడా తెప్పించే ఆలోచన ఉంది. ఒకరోజు మేనేజరుగారు నన్నూ, ఎలక్ట్రికల్ పని చూసే ఇంజినీరుగారినీ తన గదికి పిలిచారు.

"చూడండీ, ప్రతి చిన్నదానికీ ఫోనులో ఇంగ్లీషుతో కుస్తీ పట్టలేకపోతున్నాం. ఆళ్ళ ఇంగ్లీషు మనకి రాదు, మన ఇంగ్లీషు ఆళ్ళకి రాదు. మీ ఇద్దరూ తలో భాషా నేర్చేసుకోండి. ఫీజు కంపెనీ ఇచ్చేస్తాది" అన్నారు.

ఎలక్ట్రికల్ ఇంజినీరుగారు ఆలోచించుకోనే లేదు. "ఇంజినీరన్నాక జర్మనేనండి. మెషీన్లు పుట్టిందే ఆ భాషలో" అన్నారు. శని, ఆదివారాలు రాజమండ్రి వెళ్ళి క్లాసులో చేరారు. పద్ధతి గల మనిషి. డైనింగ్ హాల్లో కూడా చెంచాకీ గిన్నెకీ జర్మన్‌లో ఆడో మగో లింగం వెతుక్కుంటూ కూర్చునేవారు. తర్వాత రోజుల్లో ఆ భాష ఆయనకు చాలా మంచి చేసింది. ఒక జర్మన్ కంపెనీ వాళ్ళ చెన్నై ఆఫీసులో పెద్ద హోదాలో రిటైరయ్యారు. కాబట్టి జర్మన్ ఎంచుకున్నవాళ్ళు తప్పు చేశారని నేను అనను.

నన్ను కూడా జర్మనే తీసుకోమని ఆయన సలహా. మస్కట్‌లో పనిచేస్తున్న మా ఆయనది ఇంకో సలహా.

"అరబ్బీ నేర్చుకో. ఇక్కడికి వచ్చేయొచ్చు. ఏసీ ప్లాంట్లు బోల్డున్నాయి" అన్నారు ఫోనులో.

"అక్కడ నన్ను మెషీను ముట్టుకోనిస్తారాండీ?"

"కనుక్కుని చెప్తాను" అన్నారు. ఆయన కూడా రిటైరయ్యి ఇంటికి వచ్చేశారు. ఇప్పటికీ కనుక్కోలేదు.

నేను జపనీస్ అనుకోవడానికి కారణం మా చిన్నమావయ్యగారు. మా అమ్మకు ఆఖరి తమ్ముడు. పెద్ద చదువు లేకపోయినా సరుకు ఓడల్లో ఇంజను రూము ఫిట్టరుగా చేరి, పాతికేళ్ళు జపనీస్ చీఫ్ ఇంజినీర్ల కింద పనిచేసి, మోకాలు పాడయ్యాక రాజోలు దగ్గర తన కొబ్బరితోటకి తిరిగి వచ్చేశారు. ఆయనకు ఆ భాష చదవడం రాదు, రాయడం రాదు. మాట్లాడడం మాత్రం నిద్రలో కూడా వచ్చు. క్లాసుకు వెళ్తే పుస్తకం దొరుకుతుంది, మావయ్యగారి దగ్గరకు వెళ్తే మాట్లాడే మనిషి దొరుకుతాడు. ఇంతకంటే పెద్ద లెక్కేమీ వెయ్యలేదు నేను. మేనేజరుగారికి చెబితే, "ఫీజు ఎంతంట?" అని అడిగారు. "ఆదివారం బస్సు చార్జీలండి" అన్నాను.

మావయ్యగారి పాఠం కుర్చీలో కూర్చుని చెప్పేది కాదు. తోటలో నీళ్ళు తోడే డీజిలింజను ఒకటి ఉండేది. దాన్ని విప్పించేవారు. నేను విప్పుతుంటే ఆయన బల్ల మీద కాలు చాపుకుని ఒక్కొక్క పనికీ ఒక్కొక్క మాట అరిచేవారు. తప్పు చేస్తే తిట్టు కూడా జపనీస్‌లోనే పడేది. "తొమెరో" అంటే ఆపు. "మితె కోయ్" అంటే చూసిరా. "దమే" అంటే పనికిరాదు, కుదరదు, వద్దు, అన్నీ. మన తెలుగులో లాగే ఆ భాషలోనూ క్రియ వాక్యం చివర్లోనే వస్తుందని ఇంజను విప్పుతూనే గ్రహించాను. దాంతో సగం భయం పోయింది.

"మావయ్యగారూ, 'ఆపు' అంటే తొమెరో అన్నారు. మరి 'ఆపండి' అనాలంటే?" అని ఒకసారి అడిగాను.

"ఇంజను రూములో అండీలు ఎక్కడుంటాయే? నీ అండీ అయ్యేసరికి గొట్టం పగిలిపోద్ది" అన్నారు.

ఆయనే ఇంకో సంగతి చెప్పారు. "ఆళ్ళు మాటకి ముందోసారి, వెనకోసారి 'హై, హై' అంటారు. సరేనన్నారని మురిసిపోకు. అది మన ఆయ్ లాంటిది. విన్నానండి అని. చేస్తానని కాదు. నాకు మొదట్లో అది తెలీక, సెలవు అడిగితే చీఫ్ 'హై' అన్నాడని పెట్టె సర్దేసుకున్నాను."

"తరవాత?"

"పెట్టె విప్పేసుకున్నాను."

మెషీన్లు దిగాయి. వాటిని బిగించి నడిపించడానికి జపాన్ నుంచి ఒక ఇంజినీరు వచ్చారు. యాభై దాటిన సన్నటి మనిషి. మాట చాలా మెల్లగా ఉండేది. ఎవరు ఎదురుపడినా, టీ ఇచ్చే ఆవిడకైనా సరే, నడుం వంచి దణ్ణం పెట్టేవారు. ఆయన వెంట చెన్నై నుంచి ఒక దుబాసీ అమ్మాయి వచ్చింది. నెల్లూరు వైపు అమ్మాయి, జపనీస్‌లో పెద్ద పరీక్షలన్నీ పాసైంది.

మొదటి రోజే నా విద్య చూపించాలని నాకు ఉబలాటం. పీడనం చూపించే గేజి ముల్లు వణుకుతోంది. దాన్ని వేలితో చూపించి, మావయ్యగారు అరిచినట్టే, "కొరె మిరో" అన్నాను. ఇది చూడు అని.

ఆయన చేతిలో టార్చి కింద పడిపోయింది. దుబాసీ అమ్మాయి తల దించుకుంది. ఆయన నన్ను ఒకసారి పైనుంచి కింద దాకా చూసి, గోడకి చెయ్యి ఆనించి, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు.

తర్వాత ఆ అమ్మాయి నన్ను పక్కకు తీసుకెళ్ళి మెల్లగా చెప్పింది. "మేడమ్, ఏమీ అనుకోకండి. అది ఓడరేవుల్లో మేస్త్రీలు కూలీలతో మాట్లాడే తీరు. ఆడవాళ్ళు అసలు అలా మాట్లాడరు. మీరు చీర కట్టుకుని, పువ్వులు పెట్టుకుని అలా అనేసరికి ఆయనకి ఏం చెయ్యాలో తోచలేదు."

ఆ పిల్ల మంచిది. పనయ్యేలోపు రోజూ మధ్యాహ్నం భోజనం దగ్గర కూర్చుని నాకు మర్యాద జపనీస్ నేర్పింది. మాట చివర చేర్చే మర్యాదలు, అడిగేముందు పెట్టే క్షమాపణలు, కాదనాల్సి వచ్చినప్పుడు కాదనకుండా తప్పించుకునే దారులు అన్నీ చెప్పింది. నాకు అది పరాయిగా అనిపించలేదు. మా కోనసీమలో మనిషిని కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి, నాలుగు అండీలు కలిపి, "చూద్దామండి" అని పంపిస్తామే, అచ్చం అదే. "చూద్దామండి" అంటే జరగదని ఇక్కడ పుట్టినవాళ్ళకు తెలుస్తుంది. పై ఊరివాళ్ళు మర్నాడు మళ్ళీ వస్తారు.

నేను ఆ మర్యాదంతా శ్రద్ధగా నేర్చుకుని, మావయ్యగారి మాటల్ని అటక మీద పెట్టేశాను. జపాన్‌కి రాసే మెయిళ్ళు, చేసే ఫోన్లు అన్నీ కొత్త భాషలోనే. ఆయనకు చెబితే నొచ్చుకోలేదు. "పట్నం భాష వచ్చేసిందన్నమాట. మంచిదేలే, పైకొస్తావు" అన్నారు.

నిజంగానే పైకి వచ్చాను. సర్వీసుకు ఆ ఇంజినీరుగారు ప్రతి ఏడూ వచ్చేవారు. మేమిద్దరం మర్యాదగా పలకరించుకుని, మర్యాదగా పని చేసుకుని, మర్యాదగా విడిపోయేవాళ్ళం. కొన్నేళ్ళు అలా గడిచాక వచ్చింది ఆ రోజు.

వాయుగుండం కబురు వచ్చింది. తీరం దాటితే చెరువు గట్లు ఉంటాయో ఊడతాయో తెలియదు. కాట్రేనికోన నుంచి ఇటు ఉప్పలగుప్తం దాకా రైతులందరూ ఒకేసారి వలలు దింపి రొయ్యలు పట్టేయడం మొదలుపెట్టారు. రమ్మని మా వాళ్ళే అందరికీ ఫోన్లు చేశారు. పొద్దున్నకే గేటు బయట లారీలు, ఆటోలు రోడ్డు మలుపు దాకా నిలబడి ఉన్నాయి.

ఆ వారమే జపాన్ ఇంజినీరుగారు, ఎప్పట్లాగే దుబాసీ అమ్మాయితో, సర్వీసుకు వచ్చి ఉన్నారు. కిందటి సాయంత్రం రెండో కంప్రెసర్ శబ్దం తేడాగా ఉందని నేనూ అన్నాను, ఆయనా అన్నారు. పొద్దున్నే దాన్ని ఆపి, నూనె వడపోసే ఫిల్టరు తీసి తెల్లగుడ్డ మీద దులిపాం. సన్నటి లోహపు పొడి రాలింది. వెండిపొడి చల్లినట్టుంది. లోపల ఇరుసుని మోసే బేరింగు అరిగిపోతోందన్నమాట. ఆయన ఆ గుడ్డ వైపు చాలాసేపు చూసి, మడిచి, జేబులో పెట్టుకున్నారు.

మేనేజరుగారి గదిలో కూర్చున్నాం. మేనేజరుగారు చెడ్డమనిషి కాదు. పొద్దున్నుంచి యజమానిగారు హైదరాబాదు నుంచి ఫోను మీద ఫోను చేస్తున్నారు. రెండు మెషీన్లూ నడిస్తేనే వచ్చిన సరుకంతా గడ్డకడుతుంది. ఒక్కటే నడిస్తే సగం సరుకు వెనక్కి పంపాలి.

"రెండ్రోజులు, రెండంటే రెండ్రోజులు నడిపేసి, వాన తగ్గేక విప్పుకుందారి. కుదురుతాదేమో అడగమ్మా" అన్నారు దుబాసీ అమ్మాయితో.

ఆ అమ్మాయి అడిగింది. ఇంజినీరుగారు పళ్ళ సందుల్లోంచి గాలి పీల్చి, తల ఒక పక్కకు వంచి, "చోత్తో ముజుకషీ దెస్ నే" అన్నారు.

"కొంచెం కష్టమంటున్నారు సార్" అంది ఆ అమ్మాయి.

ఆ అమ్మాయి తప్పు చెప్పలేదు. ఒక్కొక్క మాటకీ అర్థం అదే. అన్నీ కలిపితే మాత్రం అది వాళ్ళ "చూద్దామండి". మేనేజరుగారి ముఖం విప్పారింది.

"కొంచెమే కదా. కష్టపడదారి. దగ్గరుండి చూసుకోమని చెప్పమ్మా. ఏం కావాలన్నా ఇస్తాం."

అది విని ఇంజినీరుగారు "హై" అన్నారు. ఇంకోసారి, ఇంకా మెల్లగా, "హై" అన్నారు.

"అదిగో, సరేనన్నారు" అని మేనేజరుగారు లేచారు.

నేర్చుకున్న మర్యాదంతా కూడగట్టుకుని నేనే నేరుగా ఇంజినీరుగారిని అడిగాను. మీ అభిప్రాయం ప్రకారం నడపకపోవడమే మేలని అర్థం చేసుకోవచ్చా, అని. ఆయన కూడా అంతే మర్యాదగా, పరిస్థితిని అన్ని వైపుల నుంచీ జాగ్రత్తగా ఆలోచించాల్సిన అవసరం ఉండవచ్చు అన్నారు. ఆ వాక్యాన్ని ఇటు తిప్పినా అటు తిప్పినా అందులో అవును లేదు, కాదు లేదు. తమ మెషీన్లు కొన్న కంపెనీలో, పదిమంది ఎదురుగా, ఆయన మేనేజరుగారి మాటకు అడ్డం చెప్పలేరు. నేనూ మా మేనేజరుగారికి అలాగే చెబుతాను. "చూడండీ, మళ్ళీ ఒకసారి ఆలోచిస్తే బాగుంటుందేమోనండి" అన్నాను కూడా. ఆయన "ఆయ్, ఆలోచిద్దారి" అంటూనే మెట్లు దిగిపోయారు.

అంతమందిమి ఒక గదిలో కూర్చుని, అందరం మంచివాళ్ళమే అయ్యుండి, ఒక్కరం కూడా వద్దనలేకపోయాం.

కంప్రెసర్ల గదికి వచ్చాం. మొదటి మెషీను హోరులో మనిషి మాట మనిషికి వినిపించదు. గోడ అవతల షిఫ్టు మొదలైంది. ఆడవాళ్ళు బూట్లు వేసుకుని, తలకి టోపీలు పెట్టుకుని లోపలికి వెళ్తున్నారు. మేనేజరుగారు గుమ్మం దగ్గర నిలబడి ఉన్నారు. ఎలక్ట్రికల్ ఇంజినీరుగారు ప్యానెల్ తలుపు తీసి నా వైపు చూశారు. స్టార్టు బటను నొక్కాల్సింది నేను.

ఇంజినీరుగారు నాకు కాస్త వెనగ్గా నిలబడి నేల చూపులు చూస్తున్నారు. చెయ్యి జేబులో, ఆ గుడ్డ మీద ఉంది.

నేను బటను మీద నుంచి చెయ్యి తీసేసి, ఆయన వైపు తిరిగాను. అంత హోరులో మర్యాద భాష పనిచెయ్యదు, అది మెల్లగా మాట్లాడేవాళ్ళ భాష. గొంతెత్తి, తోటలో మావయ్యగారు అరిచినట్టే అరిచాను.

"దమే కా?"

పనికిరాదా, అని. చెప్పు, అవునో కాదో.

ఆయన తల ఎత్తారు. క్షణం సేపు ఎవరో పాతమనిషిని చూసినట్టు చూశారు. తర్వాత నేను అంతవరకు ఎన్నడూ వినని గొంతుతో, గట్టిగా, "దమే దా" అన్నారు. ఆపైన "జెత్తై" అని కూడా అన్నారు. ఎట్టి పరిస్థితుల్లోనూ, అని.

ఇక ఆయన ఆగలేదు. చేతులు తిప్పుతూ మేస్త్రీలాగా మాట్లాడారు. బేరింగు పోతే ఇరుసు ఊగుతుంది, ఇరుసు ఊగితే సీలు పోతుంది, సీలు పోతే ఈ గదే కాదు, ఆ గోడ అవతల కూడా అమ్మోనియాతో నిండిపోతుంది. అక్కడ ఇంతమంది ఆడవాళ్ళున్నారు, నువ్వు చూళ్ళేదా, అన్నారు. నాకు ప్రతి ముక్కా అర్థమైంది. ఆయన కుర్రతనంలో ఓడలు కట్టే యార్డులో పనిచేశారని తర్వాత తెలిసింది. ఆయన మొదటి భాష కూడా అదేనన్నమాట.

నేను ప్యానెల్ తాళంచెవి తీసి గుప్పిట్లో పెట్టుకుని మేనేజరుగారి దగ్గరకు వెళ్ళాను.

"నడపకూడదంటున్నారండి."

"అదేంటండీ, ఇప్పుడే కదా పైన సరేనన్నారు?"

"సరే అనలేదండి, విన్నానన్నారు. పొద్దున్నుంచీ మీరు యజమానిగారికి ఫోనులో ఆయ్, ఆయ్ అంటన్నారు కదండీ. అలాంటిదండి."

ఆయన ముఖంలో ఏదో కదిలింది. అయినా ఊరుకోలేదు. "నోటిమాట మీద ఆపేస్తే పై వాళ్ళకి ఏం చెప్పమంటారు? నా ఎదురుగా అనమనండి" అన్నారు.

దుబాసీ అమ్మాయి నా పక్కకు వచ్చింది. కళ్ళు నీళ్ళతో ఉన్నాయి. "మేడమ్, నేను తప్పు చెప్పానా?" అని అడిగింది.

"లేదమ్మా. ఆయనన్నదే చెప్పేవు. మేమే మాకు కావలసినట్టు విన్నాం" అని, ఇంజినీరుగారిని చెయ్యి ఊపి పిలిచాను. మేనేజరుగారి ఎదురుగా నిలబెట్టి, మళ్ళీ అదే గొంతుతో, "దమే కా?" అన్నాను.

అప్పుడు భయపడ్డానని ఒప్పుకుంటాను. ఆయన మళ్ళీ మర్యాదలోకి వెళ్ళిపోతే నా చేతిలో తాళంచెవి తప్ప ఏమీ లేదు. ఆయన మేనేజరుగారికి నడుం వంచి దణ్ణం పెట్టారు. పోయింది అనుకున్నాను. నిటారుగా లేచి, రెండు చేతులూ ముఖం ఎదుట అడ్డంగా, ఇంటూ గుర్తులాగా పెట్టి, అలాగే నిలబడ్డారు. జేబులోంచి ఆ తెల్లగుడ్డ తీసి మేనేజరుగారి అరచేతిలో విప్పారు.

దానికి దుబాసీ అక్కర్లేకపోయింది.

మేనేజరుగారు ఆ పొడిని వేలితో రుద్ది చూశారు. గుడ్డ మడిచి నాకిచ్చి, గుమ్మం బయటకు వెళ్ళి, యజమానిగారికి ఫోను చేశారు. "లేదండి. నడపటం లేదండి. లేదండి" అని మూడుసార్లు వినిపించింది. ఆ ఫ్యాక్టరీలో అన్నేళ్ళు కలిసి పనిచేసినా ఆయన నోట ఆ మాట పై వాళ్ళతో అనగా అదే మొదటిసారి విన్నాను.

తర్వాత జరిగినదంతా చాకిరీయే. ఎలక్ట్రికల్ ఇంజినీరుగారు తన మోటారుసైకిల్ మీద చుట్టుపక్కల ఐసు ఫ్యాక్టరీలన్నీ తిరిగి, దొరికిన ఐసు దిమ్మలన్నీ లారీల్లో వేయించి పంపించారు. సగం సరుకు ఐసులో పెట్టి భీమవరం వైపు ప్లాంట్లకు మళ్ళించాం. అక్కడ వాళ్ళు అవసరం చూసి ధర తగ్గించేశారు. గేటు దగ్గర రైతులు ఊరుకుంటారా? కాట్రేనికోన రైతు ఒకాయన నా ఎదురుగా నిలబడి, "మీ మెషీను సంగతి నాకెందుకమ్మా. రమ్మని ఫోన్ చేసేరు, పట్టేసేను. నీళ్ళల్లో ఉంటే నా రొయ్య నా రొయ్యే కదా" అన్నారు. ఐసు మీద ఐసు వేయించడం తప్ప ఏం చేయగలను? ఆ మనిషి తర్వాత ఎక్కడ కనిపించినా ముఖం తిప్పుకునేవారు. ఆ హక్కు ఆయనకుందనే అనుకునేదాన్ని.

వాయుగుండం మమ్మల్ని తాకీ తాకనట్టు పోయింది. వాన తగ్గాక కంప్రెసర్ విప్పాం. బేరింగు గుంటలు పడిపోయి ఉంది. కథల్లో అయితే అది మా చేతుల్లోనే రెండు ముక్కలవ్వాలి. అవలేదు. మేనేజరుగారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "రెండ్రోజులు నడిచేదంటారా?" అని అడిగారు. నేను ఇంజినీరుగారిని అడిగాను. "నడిచేదేమో. గంటలో పోయేదేమో. నాకు తెలియదు" అన్నారు ఆయన. అదే తెలుగులో చెప్పాను. మేనేజరుగారు తల ఊపి, బేరింగు బల్ల మీద పెట్టి, కొత్తది ఎప్పుడొస్తుందో కనుక్కున్నారు. నేను ఆపించింది సరైన పనేనని ఆనాడూ అనుకున్నాను, ఈనాడూ అనుకుంటున్నాను. పగిలితే తప్ప రుజువు కానిది అది. అలాంటి రుజువు నాకు అక్కర్లేదు.

ఆ ఇంజినీరుగారూ నేనూ ఆ తర్వాత రెండు భాషల్లో మాట్లాడుకునేవాళ్ళం. మేనేజరుగారి గదిలో అండీలు, నమస్కారాలు. కంప్రెసర్ల గదిలోకి వచ్చాక ఓడల యార్డు భాష. దుబాసీ అమ్మాయి మమ్మల్ని చూసి, నాకూ అది నేర్పండి మేడమ్ అంటే, ఒక ఆదివారం రాజోలు తీసుకెళ్ళాను. మావయ్యగారు ఆ పిల్ల చేతికి కూడా పానా ఇచ్చారు.

కాబట్టి పిల్లలూ, ఏ భాషైనా నేర్చుకోండి. పరీక్షలు పాసవండి, సర్టిఫికెట్లు తెచ్చుకోండి, మర్యాదలన్నీ నేర్చుకోండి. వాటితో పాటు, ఆ భాషలో పనిచేసే మనిషి కోపం వచ్చినప్పుడు ఏమంటాడో, భయపడినప్పుడు ఏమంటాడో, వద్దనాలనుకుని అనలేనప్పుడు ఎలా నీళ్ళు నములుతాడో తెలుసుకోండి. అది నేర్పే మనిషి ఏ భాషలో దొరికితే ఆ భాష మీది.

నేను ఉద్యోగం వదిలే ముందటి ఏడాది యజమానిగారే స్వయంగా ప్లాంటుకు వచ్చారు. మంచి సీజను. మొదటి కంప్రెసర్‌లో కొత్త జబ్బు మొదలైంది. ఆయన చుట్టూ పదిమంది ఉన్నారు, అందరూ "చూద్దామండి" అంటున్నారు. ఆయన నా దగ్గర ఆగి, "నడుస్తాదామ్మా?" అని అడిగారు.

"నడవదండి" అన్నాను.

పక్కనున్నవాళ్ళు నా వైపు చూశారు. ఆయన నన్ను ఎందుకని అడగలేదు.

"ఎన్నాళ్ళు పడతాది?" అన్నారు.

"వారం పడతాదండి."

ఆయన ఫోను తీసి, లారీలు ఆపమని చెప్పడం మొదలుపెట్టారు. నేను పానాల పెట్టె తెరిచాను.